సరుకు ఏ లంకలో దింపాలి?

జులై వచ్చిందంటే కోనసీమలో గంటిపెదపూడి దగ్గర పాయ మీద వేసిన తాత్కాలిక గట్టు కొట్టుకుపోయిందన్న వార్త దాదాపు ఏటా చదువుతాం. బూరుగులంక, ఉడిమూడిలంక లాంటి ఊళ్లవాళ్లకి ఇక పడవే గతి. ఆ వార్త చూసినప్పుడల్లా గోడౌన్ ఎక్కడ పెట్టాలని కాలేజీలో చదివిన లెక్క నాకు గుర్తొస్తుంది.

అన్ని ఊళ్లవాళ్ల నడక కలిపి తగ్గాలంటే గోడౌన్ ఏదో ఒక ఊళ్లోనో కూడలిలోనో పెడితే చాలు, దారి మధ్యలో చోటు వెతకక్కర్లేదని 1964లో హకీమి అనే పరిశోధకుడు నిరూపించాడు. బాగానే ఉంది, కానీ ఆ లెక్కలో దారులు ఎప్పుడూ తెగవు. లంకల్లో దూరం తర్వాతి సంగతి, ముందు దారంటూ ఉండాలి కదా, అందుకని సరుకు ఎంతమందికి అందుతుందో లెక్కేయాలి.

ఊహించిన అంకెలతో వేసి చూశాను. ఏటిగట్టు మీద గోడౌన్ ఎలాగూ ఉంది. అవతల వరసగా 3 లంక ఊళ్లు, జనం 1500, 1000, 500. ఏటిగట్టు నుంచి మొదటి ఊరికి పాయ మీద వేసిన దారి, అంటే కాజ్‌వే, నిలిచే అవకాశం 20 శాతం, ఊళ్ల మధ్య దారులు ఒక్కోటి 90 శాతం. రెండో గోడౌన్ మొదటి ఊళ్లో పెడితే సగటున 2805 మందికి అందుతుంది, నడిమి ఊళ్లో పెడితే 2830 మందికి. పెద్ద ఊరిని వదిలేసి నడిమి ఊరా అంటే, మొదటి ఊరికి కాజ్‌వే వైపు నుంచి కూడా కాస్త ఆశ ఉంది మరి.

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. దారులు దేనికది విడిగా తెగుతాయనుకుని వేసిన లెక్క ఇది, గోదావరి అలా రాదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, 2022 జులైలో 25 లక్షలు దాటింది, అంత నీళ్లొస్తే కాజ్‌వే ఒక్కటే మునిగి మిగతావి పొడిగా ఉంటాయా? వరద రోజుకి కాజ్‌వే సున్నా, మిగతా దారులు 50 శాతం అని మళ్లీ వేస్తే మొదటి ఊరికి 2125, నడిమి ఊరికి 2000. తీర్పు తిరగబడింది! నేనైతే మొదటి ఊరికే ఓటేస్తాను, గోడౌన్ అవసరం పడేది ఆ రోజే కదా.

అయితే ఆ ఊళ్లో మెరక లేకపోతే గోడౌనే మునుగుతుంది, లెక్కంతా దండగ. 2022లో ఏ ఊళ్లో ఏ బడి మేడ ఎక్కి జనం తలదాచుకున్నారో ముందు అది కనుక్కోవాలి.