పోటు నీరు అందినంత మేరే మడ

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, కోరంగి అభయారణ్యం దగ్గర మేము బస్సు దిగేసరికి ఉదయం ఏడున్నర దాటింది. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ మడ అడవిని, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవిని, 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు ఈ తీరం నుంచి ఓడలెక్కి బర్మాకు వెళ్లిన తెలుగువారికి అక్కడ 'కోరంగీలు' అనే పేరే స్థిరపడిపోయింది.

సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు సమయం కావడంతో చెక్కల వంతెన కింద బురద బయటపడి, తెల్లమడ చెట్ల చుట్టూ వేలెడంత ఊపిరి వేర్లు వేల సంఖ్యలో పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న పీతలు కలుగుల్లోకి జారుకుంటున్నాయి. మా వెంట వచ్చిన పడవ నడిపే పెద్దాయన ఒక తెల్లమడ కొమ్మ వంచి, "ఆకు మీద వేలు రాసి నాలిక్కి అంటించుకోండి బాబూ" అన్నారు. ఉప్పగా ఉంది. వేర్ల ద్వారా లోపలికి వచ్చిన ఉప్పును ఈ చెట్టు ఆకుల గుండా బయటికి నెట్టేస్తుంది. పక్కనే ఉన్న తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోనివ్వలేదు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమట.

పాయ ఒడ్డున ఆయన చూపించిన పాదముద్రల్లో, మామూలు పిల్లి అడుగులో కనిపించని గోళ్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. అవి రాత్రి చేపల వేటకు వచ్చిన బావురుపిల్లివని చెప్పారు. దాన్ని చూడలేకపోయినా, అది నడిచిన తడి నేల ముందు కూర్చోవడమే నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఆ తరువాత పడవలో వెళ్లి చూసిన, మొక్కలేమీ లేని బోడి నేల నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. చెట్లు నరికిన చోట నేల ఎండి కుంగుతుంది, ఆ పల్లంలో చేరిన ఉప్పునీరు వెనక్కి పోక నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోయి మొక్క అన్నది బతకదు. అందుకే అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, గ్రామస్థులు కలిసి గోదావరి మడల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటూ పాటూ మళ్లీ ఆడేలా చేసి, ఆ గట్ల వెంట మొక్కలు పెంచారు. ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క కన్నా, ఆ కాలువల్లో పూడిక ఎప్పటికప్పుడు తీస్తున్నామా అన్నదే అసలు ప్రశ్న అని నా నమ్మకం.

మేము తిరుగు ప్రయాణమయ్యేసరికి పోటు మొదలైంది. పెద్ద కాలువలో గోధుమరంగు నీరు ఊపిరి వేర్లను ముంచుతూ సాగి, పిల్లకాలువల్లోకి మళ్లింది. ఒకదానిలో మాత్రం మొదట్లోనే మట్టి మేట వేసి ఉండడంతో నీరు అక్కడే ఆగింది. దాని వెంట మొక్కలు మోకాలెత్తు కూడా లేవు.