పీపీఎఫ్ వేయించాలా, ర్యాప్ చేయించాలా?

కారు రంగు మార్చాలనుంటే వినైల్ ర్యాప్, ఉన్న రంగును కాపాడుకోవాలంటే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్). ర్యాప్ అంటే సుమారు 80–100 మైక్రాన్ల మందమున్న పీవీసీ ప్లాస్టిక్ పొర. హైవేలో టిప్పర్ వెనక ఎగిరొచ్చే కంకరను అది ఆపలేదు. పీపీఎఫ్ 150–200 మైక్రాన్ల టీపీయూ, అంటే రబ్బరులా సాగే ప్లాస్టిక్. సన్నగీతలు ఎండకో వేడినీళ్లకో వాటంతటవే మాసిపోతాయి.

అసలు మెలిక షాపులో ఉంది. పీపీఎఫ్ అడిగితే ‘టీపీహెచ్’ పేరుతో చవగ్గా అంటగట్టే ఫిల్మ్ చాలావరకు పీవీసీయే, త్వరగా పసుపెక్కుతుంది. బిల్లు మీద ‘టీపీయూ’ అని రాయించుకోండి. బడ్జెట్ చాలకపోతే బానెట్, ముందు బంపర్, సైడ్ మిర్రర్లు, డోర్ హ్యాండిళ్ల వెనక గుంతలు చాలు. బండంతా వేయమని షాపువాళ్లు ఎలాగూ అంటారు!

రీపెయింట్ చేసిన ప్యానెల్ ఉంటే ముందే చెప్పాలి. పట్టులేని పెయింట్, ఫిల్మ్‌ను ఊడదీసేటప్పుడు దాంతోపాటే లేచొస్తుంది.

ర్యాప్ అంచులు లేవడానికి రెండు కారణాలు. ఒకటి, అతికించే ముందు మైనం, పాలిష్ పూర్తిగా తుడవకపోవడం. రెండు, గుంతల్లో సాగదీసి అతికించాక హీట్ గన్‌తో సుమారు 90 డిగ్రీల దాకా వేడి పట్టించకపోవడం. అలా వదిలేస్తే ఫిల్మ్ మళ్లీ పాత ఆకారానికి లాక్కుంటుంది. మొదటి వారం వాటర్ వాష్ వద్దు.

రంగు మారితే ఆర్సీలోనూ మార్పించాలి, లేదంటే తనిఖీలో ఇబ్బందే.