డొక్కలో పోటు

ఈరోజు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో, కాళీమాత గుడి దగ్గర పరుగు మొదలుపెట్టాను. కురుసుర సబ్‌మెరైన్ దాటానో లేదో, కుడి డొక్కలో కత్తితో పొడిచినట్టు పోటు! గుండెకేమైనా అయిందేమోనని ఒక్క క్షణం టెన్షన్ పడ్డాను కూడా.

పక్కనే నడుస్తున్న ఒక పెద్దాయన చూసి, "ఆగిపోకు బాబూ, మెల్లగా నడువు. నొప్పి ఉన్నచోట వేళ్లతో నొక్కి, కాస్త ముందుకు వంగి, గాలి పూర్తిగా వదులు" అన్నారు. అలాగే చేశాను. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంది.

తర్వాత ఆయన మొదటి ప్రశ్న: "ఏం తిని వచ్చావు?" నాలుగు ఇడ్లీలు, పైన పెద్ద గ్లాసు బత్తాయి రసం. అదీ అరగంట క్రితం! ఆయన నవ్విన నవ్వు చూడాలి.

ఇంటికొచ్చి చదివాను. ఈ పోటు కచ్చితంగా ఎందుకొస్తుందో శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. పొట్ట లోపలి గోడకున్న పలుచని పొర ఒరుసుకోవడం వల్లేనని ఒక వాదన. నిండు కడుపు, తీపి పానీయాలు మాత్రం దీన్ని పెంచుతాయట. అందుకే తిన్నాక రెండు మూడు గంటలు ఆగాలి, నీళ్లు కొద్దికొద్దిగా తాగాలి, మొదట్లోనే వేగం పెంచకూడదు. ఆగి కూర్చున్నాక కూడా తగ్గకపోయినా, నొప్పి ఛాతీలోకి పాకినా డాక్టర్ దగ్గరికే.

రేపు ఖాళీ కడుపుతోనే వెళ్తాను. ఇడ్లీలు ఇంటికి తిరిగొచ్చాకే. ఆరు.