కుక్కపిల్ల పేరు కాగితం ఎక్కేదాకా: నా అనుభవం

మా కుక్కపిల్ల చుక్కను పెంచుకోవడానికి మున్సిపల్ లైసెన్స్ ఇవాళ పొద్దున చేతికొచ్చింది. కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

పేరు ఎంచుకోవడం తేలికే. రెండక్షరాలు చాలు. ట, క, చ లాంటి గట్టి హల్లు ఒకటుండాలి, చివర సాగదీసి పిలిచేలా ఉండాలి. "చుక్కా..." అంటే మైదానం అవతలికి వినబడుతుంది, హంస, శశి లాంటివి ట్రాఫిక్ మోతలో కలిసిపోతాయి. తర్వాత ఆ పేరును ఇంట్లో వాడే మాటల పక్కన పెట్టి చూడండి. "రా" అని పిలిచే ఇంట్లో రాజా, రాణి పనికిరావు. "నో" అనేవాళ్లు బ్రూనో జోలికి పోవద్దు. మేం "వద్దు" అంటాం కాబట్టి బొట్టు, ముద్దు రెండూ కొట్టేశాం. బుజ్జి, చిన్ని, కన్నా అసలే వద్దు. ఆ మాటలు పిల్లలతో రోజంతా అంటూనే ఉంటాం. కుక్క ప్రతిసారీ తల తిప్పి తిప్పి చివరికి పట్టించుకోవడం మానేస్తుంది. టామీ, జిమ్మీ సందుకొకటి ఉన్నాయి.

పేరు అలవాటు చేయడానికి ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. కుక్కపిల్ల అటు చూస్తున్నప్పుడు ఒక్కసారే పిలవాలి, మన వైపు చూసిన క్షణంలో ముక్క నోట్లో పెట్టాలి. పూటకు పది పిలుపులు చాలు. ముందు గదిలో, తర్వాత వరండాలో, ఆ తర్వాతే గేటు బయట. పేరు పెట్టి తిట్టకండి, పేరు పిలిచి స్నానానికి లాక్కెళ్లకండి. ఆ రెండూ చేస్తే పేరు వినగానే మంచం కిందికి దూరుతుంది.

అసలు బాధంతా కాగితాల దగ్గరే. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేస్తారు. అప్పటికి చాలా ఇళ్లలో పేరు ఖాయం కాదు. క్లినిక్‌లో కాంపౌండర్ అడక్కుండానే టీకా పుస్తకంలో పేరు దగ్గర "పప్పీ" అని, జాతి దగ్గర "లోకల్" అని రాసేశాడు. మూడు నెలలకు వేసిన రేబిస్ టీకా సర్టిఫికెట్‌లోకీ అదే పప్పీ దిగింది. లైసెన్స్ దరఖాస్తులో చుక్క అని రాశాం. కౌంటర్‌లో గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి "ఈ టీకా వేరే కుక్కది" అన్నాడు. ఛాతీ మీద తెల్లమచ్చ ఉన్న ఫొటో చూపిస్తే "నల్లకుక్కలన్నీ ఇలాగే ఉంటాయి" అన్నాడు. పైగా క్యూ అంతా వినేలా "లోకల్ కుక్కకి లైసెన్స్ ఏంటండీ?" అని నవ్వాడు. వెనకున్నవాళ్లూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది. వేలు పోసి కొన్న కుక్కకైనా, వీధిలోంచి తెచ్చుకున్న కుక్కకైనా రేబిస్ ఒకటే, టీకా ఒకటే. నాటు కుక్కను చేరదీసి, టీకాలు వేయించి, రూలు ప్రకారం వచ్చినవాళ్లను ఇలా తరిమితే రేపు ఇంకెవరు వస్తారు?

క్లినిక్‌కెళ్తే "పప్పీ కొట్టేసి పైన రాసుకోండి" అన్నారు. ఆ పని చెయ్యకండి, కొట్టివేతలున్న సర్టిఫికెట్ తీసుకోరు. డాక్టర్ లెటర్‌హెడ్ మీద కొత్తది రాయించుకోండి. పేరు, ఆడో మగో, రంగు, గుర్తులు, సుమారు వయసు, టీకా కంపెనీ, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ, ఆధార్‌లో ఉన్నట్టే యజమాని పేరు, డాక్టర్ సంతకం, ముద్ర, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బ్యాచ్ నంబరు టీకా పుస్తకంలో అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. "గతంలో పప్పీ పేరుతో ఇచ్చిన సర్టిఫికెట్ ఈ కుక్కదే" అన్న వాక్యం తప్పకుండా అడగండి. మా పని జరిగింది ఆ వాక్యంతోనే.

మైక్రోచిప్ వేయిస్తే ఇంకా మేలు. భుజాల మధ్య చర్మం కింద పెడతారు, 15 అంకెల నంబరు వస్తుంది. పేరు ఎవరెలా రాసినా ఆ నంబరు మారదు, ప్రతి కాగితం మీదా రాయించండి. పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగు కూడా ఒకటే ఖాయం చేసుకుని, చీటీ మీద పెద్దక్షరాల్లో రాసిచ్చి, మన కళ్లముందే ఎక్కించమనాలి. జాతి కుక్కలకు కెన్నెల్ క్లబ్ (వాటిని నమోదు చేసే సంఘం) కాగితంలో బ్రీడర్, అంటే పిల్లల్ని పెంచి అమ్మేవాడు, పెట్టిన పొడుగు పేరుంటుంది. దరఖాస్తులో అదీ, పిలిచే పేరూ రెండూ రాయండి.

మెడబిళ్ల మీద మాత్రం ఫోన్ నంబరే చెక్కించండి. పేరు తెలిస్తే ఎత్తుకెళ్లేవాడికి పని సులువవుతుంది.