పాత కారు హెడ్‌లైట్: బల్బు కొనే ముందు వోల్టేజి కొలవండి

పాత కారులో రాత్రిపూట రోడ్డు సరిగ్గా ఆనడం లేదంటే అందరి చెయ్యీ ముందు వెళ్లేది బల్బు మీదికే. డబ్బా మీద ఫలానా శాతం ఎక్కువ వెలుగు అని రాసి ఉన్నదో, నూరు వాట్లదో, వెనక ఫ్యాను తిరిగే ఎల్‌ఈడీయో తెచ్చి బిగించేస్తారు. వారం పది రోజులు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత హోల్డర్ కాలిన వాసన వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన బండిలో చాలాసార్లు లోపం బల్బుది కాదు, బల్బు దాకా కరెంటు వచ్చే దారిది.

పాత కార్లలో ఎక్కువగా ఉండేది హెచ్4 రకం హాలోజన్ బల్బు. ఒకే గాజు గొట్టంలో రెండు ఫిలమెంట్లు: హై బీముకి 60 వాట్లు, లో బీముకి 55. లో బీము ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కింది వైపు వెలుగును అడ్డుకుని రిఫ్లెక్టర్ (లైటు లోపలి మెరిసే పళ్లెం) పై సగానికి మాత్రమే తగలనిస్తుంది. అందుకే లో బీము రోడ్డు మీద పడుతుంది తప్ప ఎదుటివాడి కళ్లలో పడదు. ప్రమాణం ప్రకారం 13.2 వోల్టులు అందితే ఈ బల్బు లో బీములో సుమారు 1000 ల్యూమెన్లు (వెలుగును కొలిచే ప్రమాణం), హై బీములో 1650 ల్యూమెన్లు ఇవ్వాలి. ఇక్కడ అసలు షరతు ఆ 13.2 వోల్టులే.

హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. 12 వోల్టులే అందితే 1000 ల్యూమెన్లు 720కి దిగుతాయి, 11.5 అయితే 625 దగ్గర ఆగుతాయి. వెలుగు కాస్త పసుపు రంగుకి తిరగడం దీనికి మొదటి గుర్తు.

ఆ వోల్టులు ఎక్కడ పోతున్నాయి? పాత వైరింగులో బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టెకి, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్చికి, డిమ్మరు స్విచ్చికి, మళ్లీ ముందుకి రెండు లైట్లకి మొత్తం కరెంటు సన్నటి తీగల గుండానే వెళ్తుంది. తిరుగు దారి బాడీ ఎర్త్, అంటే బండి రేకు గుండా బ్యాటరీ మైనస్‌కి. ప్రతి జాయింటు దగ్గరా కొంత చిలుము, ప్రతి స్విచ్చి లోపలా కాస్త మసి. తలా 0.1, 0.2 వోల్టు మింగితే చివరికి బల్బుకి మిగిలేది అంతే.

కొలవడానికి మామూలు మల్టీమీటరు చాలు. కొలిచేటప్పుడు బల్బు వెలుగుతూ ఉండాలి. హోల్డర్ ఊడదీసి ఖాళీగా కొలిస్తే కరెంటు పారదు కాబట్టి ఎంత చెత్త వైరింగైనా నిండు వోల్టేజే చూపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఇంజను స్టార్టు చేసి, ఐడిలింగు కంటే కాస్త పైన ఉంచి, లో బీము వేయండి. ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి, 14 వోల్టులు వచ్చిందనుకుందాం. తర్వాత బల్బుకి తగిలించి ఉన్న హోల్డర్ వెనక నుంచి, తీగ పక్కగా ప్రోబు (మీటరు సూది) సన్నగా లోపలికి దూర్చి అక్కడ కొలవండి. 13.5 కన్నా పైన ఉంటే మీ వైరింగు బాగున్నట్టే, ఇక బల్బు, అద్దం సంగతి చూసుకోవచ్చు. 12 వస్తే రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి.

ఏ వైపు పోతున్నాయో కూడా వెంటనే తేల్చుకోండి. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ పిన్ను దగ్గర పెడితే ఆ వైపు నష్టం నేరుగా మీటరు మీద కనిపిస్తుంది. అలాగే బ్యాటరీ మైనస్‌కీ బల్బు ఎర్త్ పిన్నుకీ మధ్య. ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, రింగు టెర్మినలునూ దాని కింద రేకునూ మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. పైసా ఖర్చు లేని ఈ పనితోనే కొన్ని బండ్లు బాగుపడతాయి. కొన్ని పాత జపాన్ కార్లలో స్విచ్చి ప్లస్‌ను కాక ఎర్త్‌ను కలుపుతుంది, హోల్డర్‌లో ఉమ్మడి పిన్ను ప్లస్ అవుతుంది. కింద చెప్పే రిలే వైరింగు వేసేముందు ఇది తప్పక చూసుకోవాలి, లేదంటే ఏమీ పనిచేయదు.

నష్టం ప్లస్ వైపు ఉంటే మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి. లో బీముకి ఒకటి, హై బీముకి ఒకటి, 30 ఆంపియర్లవి. రిలే అడుగున అంకెలు ఉంటాయి: 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు దాటి వచ్చే తీగ, 87 నుంచి రెండు బల్బులకి, 86కి పాత హోల్డర్ నుంచి వచ్చే సిగ్నలు, 85 ఎర్త్‌కి. ఇక పాత స్విచ్చి మోయాల్సింది రిలే కాయిలు కరెంటే, అది అర ఆంపియరు కూడా ఉండదు. అసలు బరువంతా కొత్త తీగ మీద పడుతుంది. ఆ తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ఎర్త్ తీగ కూడా అంతే మందం. ప్లస్‌కి లావు తీగ వేసి ఎర్త్‌కి పాత సన్న తీగే వదిలేస్తే సగం పని చేసినట్టే.

రెండు 55 వాట్ల బల్బులకి సుమారు 9 ఆంపియర్లు, రెండు 60లకి 10. కాబట్టి రిలేకి ఒక 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీకి జానెడు దూరంలోపే. రిలే పక్కన పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని కాపాడేది ఏమీ ఉండదు. రిలేలను పిన్నులు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, టెర్మినల్ క్రింప్ చేయండి (తీగ కొనకి లోహపు కొక్కెం నొక్కి బిగించండి). సిగ్నలుకి ఒక వైపు హోల్డర్ చాలు. రెండో వైపు పాత హోల్డర్‌కి టేపు గట్టిగా చుట్టి కట్టేయండి.

పాత ప్లాస్టిక్ హోల్డర్ పిన్నుల చుట్టూ గోధుమ రంగుకి తిరిగి పెళుసుబారి ఉంటే లోపలి క్లిప్పులు పట్టు వదిలేశాయని అర్థం. సిరామిక్ హోల్డర్ వేయండి.

ఇప్పుడు బల్బు. నూరు/తొంభై వాట్ల హెచ్4 జోలికి వెళ్లకపోవడమే మంచిది. లో బీములో రెండింటికీ కలిపి కరెంటు 9 నుంచి 15 ఆంపియర్లకి పోతుంది. అదే బలహీనమైన జాయింటు దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే రెండున్నర రెట్లు దాటుతుంది. పాత వైరింగులో వోల్టేజి ఇంకా పడుతుంది కాబట్టి అనుకున్న వెలుగూ రాదు. హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టర్ పూత పొక్కుతుంది. నీలం పూత పూసిన 'తెల్ల వెలుగు' బల్బులు పైన పటారం లోన లొటారం: ఆ పూత పసుపు, ఎరుపు వెలుగును మింగేసి మిగిలిందే బయటికి పంపుతుంది. తెల్లగా ఉంటుంది, రోడ్డు మీద మాత్రం తక్కువ పడుతుంది, వానలో ఇంకా అన్యాయం. ఎక్కువ శాతం వెలుగు అని అమ్మేవాటిలో పేరున్న కంపెనీలవి నిజంగానే దూరం చూపిస్తాయి. వాట్లు అవే, ఫిలమెంటు మాత్రం ఇంకా వేడిగా మండుతుంది, ఆ మేరకు ఆయుష్షు తగ్గుతుంది. మామూలు హాలోజన్‌కైనా వోల్టేజి 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందుకే రిలే వేశాక బ్యాటరీ దగ్గర 14.8 దాటుతోందేమో చూడండి. దాటితే ఆల్టర్నేటరు రెగ్యులేటరు సంగతి ముందు చూడాలి.

ఎల్‌ఈడీ గురించి అడిగేవాళ్లే ఎక్కువ. రిఫ్లెక్టర్‌ను రూపొందించింది అయిదారు మిల్లీమీటర్ల పొడవున, అన్ని వైపులా మండే సన్న ఫిలమెంటు కోసం. ఎల్‌ఈడీలో చిప్పులు ఒక పలక రెండు వైపులా ఉంటాయి, పలక మందం వల్ల ఫోకస్ నుంచి పక్కకి జరుగుతాయి. గోడ మీద వెలుగు, నీడల గీత చెదిరిపోతుంది, దగ్గర నేల వెలిగిపోతుంది, దూరం చీకటిగా ఉంటుంది, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. హెచ్‌ఐడీ (ఫిలమెంటు లేకుండా వాయువులో మెరుపుతో వెలిగే బల్బు) కిట్టుదీ ఇదే గొడవ. హాలోజన్ బల్బు కోసం చేసిన డూమ్‌లో (హెడ్‌లైట్ పెట్టెలో) వీటిని పెట్టడాన్ని చాలా దేశాల నిబంధనలు ఒప్పుకోవు.

బల్బు మార్చడం అయిదు నిమిషాల పని. హోల్డర్ లాగి, రబ్బరు బూటు ఊడదీసి, స్ప్రింగు క్లిప్పు నొక్కి పక్కకి తప్పించండి. హెచ్4కి మూడు చెవులు ఉంటాయి, వాటిలో వెడల్పుది పైకి. మూడూ గాడిలో కూర్చున్నాకే క్లిప్పు వేయండి. బల్బు కొంచెం వంకరగా కూర్చున్నా బీము ఆకాశంలోకి పోతుంది. గాజును వేళ్లతో ముట్టకండి, చేతి జిడ్డు ఉన్న చోట క్వార్ట్జ్ గాజు పాడై బల్బు ముందే పోతుంది. పొరపాటున తగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు బూటు మీద 'టాప్' అని ఉన్న వైపు పైకి ఉండాలి. చిరిగితే కొత్తది వేయండి, లేకపోతే లోపల తేమ చేరి రిఫ్లెక్టర్ మసకబారుతుంది. ఒకసారి మెరుపు పోయి బూడిద రంగుకి వచ్చిన రిఫ్లెక్టర్‌ను గుడ్డతో తుడిస్తే ఉన్న పూతా ఊడుతుంది. అప్పుడు డూమ్ మార్చాల్సిందే.

లైటు ముందు భాగపు ప్లాస్టిక్ పసుపు పట్టి ఉంటే 800, 1000, 2000, 3000 నంబర్ల నీటి కాగితాలతో (తడిపి రుద్దే గరుకు కాగితాలతో) వరసగా రుద్ది, పాలిష్ పెట్టి, యూవీని ఆపే క్లియర్ కోటు వేయాలి. కోటు వేయకుండా వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపు తిరుగుతుంది. టూత్‌పేస్టు చిట్కా అంతకంటే తక్కువ రోజులు ఆగుతుంది.

చివరికి లైట్ల దిశ సరిచేయడం. టైర్లలో సరిపడా గాలి, డ్రైవర్ సీటులో ఒక మనిషి, చదునైన నేల, ఎదురుగా 10 మీటర్ల దూరంలో గోడ. నేల నుంచి బల్బు మధ్యకి ఎంత ఎత్తో కొలిచి గోడ మీద అదే ఎత్తున టేపు అంటించండి. లో బీము పై గీత ఆ టేపుకి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి, అంటే ఒక శాతం వాలు. డూమ్ మీద 1.2 అనో 1.3 అనో శాతం ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. ఒక లైటుకి అట్టముక్క అడ్డం పెట్టి ఒక్కో దాన్ని సరిచేయండి. హెచ్4లో రెండు బీములకీ రిఫ్లెక్టర్ ఒకటే కాబట్టి లో బీము సరైతే హై బీము కూడా సరైనట్టే. లైటును పైకీ కిందికీ జరిపే స్క్రూ చివరి మలుపు ఎప్పుడూ స్ప్రింగు బిగిసే వైపే ఉండాలి, వదులు వైపు ఆపితే గతుకుల్లో మళ్లీ జారుతుంది.