స్టిమాచ్‌కు ఇచ్చిందే రెండో ఛాన్స్

2024 జూన్ 17న జాతీయ జట్టు కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను భారత ఫుట్‌బాల్ సమాఖ్య తీసేసినప్పుడు మా ఇంట్లో అందరికంటే సంతోషపడింది మా మరిది. ఇప్పుడు "ఆయన్నే మళ్ళా పిలుచుకుంటే సరిపోతాది కదా వదినా" అంటున్నదీ అతనే. ఈ మధ్యకాలంలో జరిగినవి చూస్తే ఆ మాటలో అర్థం లేకపోలేదు. స్టిమాచ్ తర్వాత వచ్చిన మనోలో మార్క్వెజ్ ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచాడు, అదీ మాల్దీవుల మీద. ఆ మ్యాచ్ కోసం నలభై ఏళ్ళ సునీల్ ఛెత్రీని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. అక్టోబర్‌లో సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్‌లో ఆడే అవకాశం పోగొట్టుకున్నాం. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా ఓడాం. స్టిమాచ్ కాలంలో, 2023 జూలైలో, మన ఫిఫా ర్యాంకు 99. 2025 చివరికి 140 దాటిపోయింది.

అనంతపురంలో, అందులోనూ ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ ఇంట్లో, ఫుట్‌బాల్ మీద ఇంత గొడవా అని బయటివాళ్ళకు అనిపించవచ్చు. ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ళు స్పోర్ట్స్ విలేజ్ కట్టాక ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మా పాప వేరే చిన్న క్లబ్బులో గోల్‌కీపర్. దాని గ్లవ్స్ ఉతికి ఉతికి ఈ ఆట గురించి నాకూ నాలుగు ముక్కలు తెలిశాయి. మా ఆయనకు మాత్రం క్రికెట్ తప్ప ఏదీ ఆట కాదు.

సరే, విషయానికి వస్తాను. స్టిమాచ్‌కు రెండో ఛాన్స్ ఇవ్వాలా అని అడిగేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతున్నారు. మనం ఇచ్చిందే ఆయనకు రెండో ఛాన్స్. 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులో ఆయన డిఫెండర్. 2012లో అదే దేశానికి కోచ్ అయ్యాడు. 2013 అక్టోబర్‌లో స్కాట్లండ్‌లో 2-0తో ఓడిన వెంటనే ఆ పదవి పోయింది. జట్టు అప్పటికే ప్రపంచకప్ అర్హతకు చివరి మెట్టయిన ప్లేఆఫ్‌కు చేరుకుంది. తర్వాత వచ్చిన నికో కోవాచ్ ఐస్‌లాండ్‌ను దాటించి బ్రెజిల్ ప్రపంచకప్‌కు తీసుకెళ్ళాడు. అలా సొంత దేశం వద్దనుకున్న మనిషిని 2019 మేలో మనం తెచ్చుకున్నాం. ఐదేళ్ళు ఉంచుకున్నాం.

ఈ లెక్క చెప్పేసరికి మా మరిది కాసేపు తగ్గాడు. మళ్ళీ అందుకున్నాడు: "అయితే ఏమాయ? మూడోసారి ఇస్తే తప్పేంది?"

తప్పని నేననడం లేదు. ఎందుకు తీసేశారో ముందు చెప్పమంటున్నాను.

ఆ చివరి మ్యాచ్ చూసినవాళ్ళకు అర్థమవుతుంది. 2024 జూన్ 11, దోహా. లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్‌తో ఖతార్ మీద 1-0 ఆధిక్యంలో ఉన్నాం. 73వ నిమిషంలో బంతి గోల్‌లైన్ పక్కగా బయటికి పోయింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కింద పడి ఉన్నాడు. ఖతార్ ఆటగాడు ఆ బంతిని లోపలికి లాగాడు, ఇంకొకడు వలలోకి తోశాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. వీడియో చూసి తీర్పు సరిచూసే వీఏఆర్ ఆ దశలో లేదు. మా పాప టీవీ ముందు నిలబడి "అవుట్! అవుట్!" అని అరుస్తూనే ఉంది. 85వ నిమిషంలో రెండో గోల్ కూడా పడింది. ఖతార్ 2, మనం 1. ప్రపంచకప్ అర్హత పోటీల మూడో రౌండ్ ఆశ అక్కడితో సరి. ఆరు రోజులకు కోచ్ ఇంటికి.

ఇప్పుడు చెప్పండి, ఆయన్ని తీసేసింది ఆ గోల్ వల్లనా? అదే కారణమైతే అది అన్యాయం, అడగాల్సింది రిఫరీని. కానీ అదే సంవత్సరం మార్చిలో గువాహటిలో ఆఫ్ఘనిస్తాన్ చేతిలో 2-1తో ఓడిపోయాం. ఛెత్రీకి అది 150వ మ్యాచ్, గోల్ కూడా కొట్టాడు, అయినా ఓడిపోయాం. జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా చేయలేదు. 2023లో దక్షిణాసియా దేశాల శాఫ్ టోర్నీలో పాకిస్తాన్ మ్యాచ్‌లో స్టిమాచ్ త్రో వేస్తున్న ఆటగాడి చేతిలోంచి బంతి లాక్కుని ఎర్రకార్డు తిన్నాడు. కువైట్ మ్యాచ్‌లో ఇంకో ఎర్రకార్డు. జట్టు ఎంపికకు జ్యోతిష్యుడిని సంప్రదించాడని పత్రికల్లో వచ్చింది. (మనం కొత్త బైక్ కొన్నా ముహూర్తం చూసేవాళ్ళమే కాబట్టి దాని మీద నేనేమీ అనను.) ఇన్నింటిలో ఏది కారణం? సమాఖ్య ప్రకటనలో నాకు దొరికింది ఫలితాలు బాగాలేవన్న మాటే. ఒప్పందం మాత్రం 2026 దాకా ఉంది. చివరికి 4 లక్షల డాలర్లు, అంటే మూడు కోట్ల రూపాయల పైన, ఇచ్చి వదిలించుకున్నారు.

వాన పడని ఏడాది చెనిక్కాయ ఎండిపోతే విత్తనాలకొట్టు మార్చినట్టుంది ఇది. మన లీగ్‌లో చాలా క్లబ్బులు ముందు వరుసలో విదేశీయుల్నే ఆడిస్తాయి. ఛెత్రీ తర్వాత గోల్ కొట్టే మనిషి ఎవరంటే స్టిమాచ్ దగ్గరా జవాబు లేదు, మనోలో దగ్గరా లేదు.

కారణం తేల్చకుండా వెనక్కి పిలిస్తే ఏమవుతుందో బ్రెజిల్‌ను చూస్తే తెలుస్తుంది. 2010 క్వార్టర్‌ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడాక కోచ్ దుంగాను తీసేశారు. 2014లో జర్మనీ 7-1తో కొట్టిన తర్వాత అంత పెద్ద దేశానికి ఇంకెవరూ కనపడనట్టు అదే నెలలో దుంగానే తిరిగి తెచ్చుకున్నారు. 2015లో దక్షిణ అమెరికా దేశాల కప్ కోపా అమెరికాలో క్వార్టర్‌ఫైనల్లోనే ఇంటికి. 2016 కోపాలో గ్రూపు దశ కూడా దాటలేదు. మళ్ళీ తీసేశారు. నాలుగేళ్ళలో దుంగా మారాడా, సమాఖ్య మారిందా అని ఎవరూ అడిగినట్టు లేదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు తెలిసిన ముఖమైతే చాలనిపిస్తుంది, అంతే.

మొరాకో వాళ్ళు దీనికి పూర్తిగా భిన్నం. కోచ్ వహీద్ హలిల్‌హోజిచ్ జట్టును 2022 ప్రపంచకప్‌కు అర్హత సాధించేలా చేశాడు. కానీ హకీం జియెష్ లాంటి ఆటగాడితో పడక అతన్ని దూరం పెట్టాడు. ప్రపంచకప్‌కు మూడు నెలల ముందు కోచ్‌ను తీసేశారు. వలీద్ రెగ్రాగి వచ్చాడు, జియెష్ తిరిగొచ్చాడు, జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. తీసేసింది ఎందుకో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాపం హలిల్‌హోజిచ్‌కు ఇది మూడోసారి. 2010లో ఐవరీకోస్ట్, 2018లో జపాన్ కూడా సరిగ్గా ప్రపంచకప్ ముందే పంపించేశాయి. ఆయన మీద నాకు జాలి ఉంది. అయినా మొరాకో చేసింది సరైన పనే అంటాను.

మన దగ్గరా వెనక్కి వచ్చి పని చేసినవాడు ఉన్నాడు, స్టీఫెన్ కాన్‌స్టంటైన్. మొదటిసారి 2002 నుంచి 2005 వరకు. 2003లో హైదరాబాద్ ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లో మన జట్టుకు రజతం వచ్చింది ఆయన చేతిలోనే. తర్వాత మలావీ, సూడాన్, రువాండా జట్లకు కోచ్‌గా తిరిగి పదేళ్ళకు 2015లో వచ్చాడు. అప్పుడు మన ర్యాంకు 170 దాటి ఉంది. 2017 జూలైకి 96. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టి, బహ్రెయిన్‌తో ఆఖరి నిమిషాల పెనాల్టీతో ఓడి, అదే రోజు రాజీనామా చేశాడు. 2025లో మూడోసారి దరఖాస్తు పెట్టుకున్నాడు, చివరి ముగ్గురిలో నిలిచాడు, రాలేదు. అప్పుడే ఎవడో కుర్రాడు బార్సిలోనా మాజీ కోచ్ షావి పేరుతో దొంగ మెయిల్ పంపి సమాఖ్యను ఆడుకున్నాడు కూడా!

పాతకాలం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, వృత్తిరీత్యా టీచర్. ఇప్పుడైతే ఎయిర్‌పోర్టులోనే ఉత్తరం చేతికిచ్చేవాళ్ళు. మనవాళ్ళలో చాలామంది అప్పుడు వట్టికాళ్ళతో ఆడారు, చలి ఒకటి. అసలు కారణం కళ్ళముందే ఉంది కాబట్టి ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీం కోచ్‌గా సెమీఫైనల్ ఆడాం. ఎదురుపడింది మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి 4-1. 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో ఆసియా క్రీడల స్వర్ణం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా పాప క్లబ్బులో ఇప్పుడు ఇదే పంచాయితీ నడుస్తోంది. పోయిన వేసవిలో ఒక టోర్నీ ఓడిపోయాక కోచ్ సార్‌ను రావద్దన్నారు. కొత్తాయన నిలవలేదు. ఇప్పుడు పాత సార్‌ను పిలుద్దామని వాట్సాప్ గ్రూపులో సగం మంది బొటనవేలు పెడుతున్నారు. మిగతా సగం మంది ఆయన పిల్లల్ని తిడతాడంటున్నారు. ఆ సంగతి తీసేసిన రోజు ఒక్కరూ అనలేదు. అప్పుడు అందరూ "రిజల్ట్ లేదు" అనే అన్నారు.

తిట్టడమే కారణమైతే ఆయన్ని కూర్చోబెట్టి అడగాలి, ఇకముందు తిట్టనని ఆయన నోటితో చెప్పాలి. ఓడిపోవడమే కారణమైతే పిల్లలకు వారానికి రెండు రోజులే గ్రౌండ్ దొరికేది, అది ఆయన తప్పు కాదు. అప్పుడు మనం ఇచ్చేది ఛాన్స్ కాదు, చెప్పాల్సింది క్షమాపణ. గ్రూపులో ఇదే రాశాను. ఒకాయన "మేడం, మీరు ప్రతిదానికీ ఫార్ములా అడుగుతారు" అని నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.

మా పాపను అడిగితే సార్ కావాలంది. తిడతాడు కదే అంటే, "నన్ను కాదు, డిఫెండర్లను" అంది. డిఫెండర్ల అమ్మానాన్నలు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. వాళ్ళ పిల్లల్ని కూడా అడగమని రాస్తే ఇంతవరకు ఎవరూ బదులివ్వలేదు. ఆదివారం కమిటీ మీటింగ్‌కు నేను వెళ్తున్నాను.