నాయన రంగు

మా నాయన షష్టిపూర్తికి ఫోటో నేనే తీస్తానని ఇంట్లో మాటిచ్చాను. 12×18 అంగుళాలు, ఫ్రేమ్ కట్టించి ఊళ్లో హాల్లో పెట్టాలి. కెమెరా కొని రెండేళ్లయింది, ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్స్ చేతిలో ఉంది. ఒక ఆదివారం చాలనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

అసలు ఈ ఫోటో మీద నాకు ఎందుకంత పట్టుదలో చెప్పాలి. నాయన అనంతపురం ఎండలో నలభై ఏళ్లు శనక్కాయ పండించిన మనిషి. నల్లగా నిగనిగలాడే ఒళ్లు. నుదుటి మీద తలగుడ్డ కట్టే చోట ఒక గీత ఉంటుంది, దాని పైన ఒక రంగు, కింద ఒక రంగు. మా ఇంట్లో ఉన్న నాలుగైదు ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆ గీత లేదు. స్టూడియోలో ముందు పౌడరు రాసేవాళ్లు, కంప్యూటర్లు వచ్చాక ముఖం మొత్తం తెల్లగా చేసి ఇచ్చేవాళ్లు. చిన్నప్పుడు అదే గొప్పగా అనిపించేది. ఇప్పుడు చూస్తే అందులో ఉన్నది ఎవరో అనిపిస్తుంది.

మొదటి ప్రయత్నం బెంగళూరు మారతహళ్లిలో నేనుండే అద్దె ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక. పైన ట్యూబ్‌లైట్, పక్కన దేవుడి గూట్లో పసుపు బల్బు, వెనక ఓనరు వేయించిన చిలకపచ్చ గోడ. ఒక చెంప పాలిపోయి, ఇంకో చెంప పసుపు పూసినట్టు వచ్చింది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. ట్యూబ్‌లైట్‌ది దాదాపు 6500, నీలం వైపు. బల్బుది 2700, పసుపు వైపు. వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే కనబడేలా కెమెరాలో రంగు సర్దడం, ఒకదానికి సరిచేస్తే రెండోది చెడిపోతుంది. "నాకేమన్నా కామెర్లు వచ్చినాయా పాపా?" అని నాయన నిజంగానే భయపడ్డాడు.

తర్వాతి ఆదివారం లాల్‌బాగ్ తీసుకెళ్లాను. చెట్ల కింద నీడ బాగుంటుందని అందరూ అంటారు కదా. నీడ బాగానే ఉంది, కానీ ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడింది. పైగా చుట్టూ ఉన్న పచ్చదనమంతా దవడ కిందికి, కళ్ల కిందికి చేరింది. ఇంకొంచెం నడిచి కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కాం. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి శిల అది. నాయన దాని మీద చెయ్యి పెట్టి, "మన చేను గట్టు మీది రాయి మాదిరే ఉంది" అన్నాడు. అక్కడ తీసిన వాటిలో ఎండకు కళ్లు చికిలించాడు, ఫోటోగా ఏదీ పనికిరాలేదు. కానీ ఇంటికొచ్చి చూస్తే రంగు మాత్రం అచ్చం నాయనదే!

ఆ రాత్రి చాలాసేపు ఆ రెండు రకాల ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. బండ బూడిద రంగు. దాని మీద పడి తిరిగొచ్చే వెలుగులో వేరే రంగు కలవదు. చెట్టు కిందైతే ఆకు రంగు, మా హాల్లో అయితే గోడ రంగు కలుస్తున్నాయి. మనిషి చుట్టూ ఏముందో అదంతా ముఖం మీదికి వస్తుందన్నమాట. నాకు కావలసింది ఆ బండ రంగు, ఎండ లేకుండా.

జులై నెల, బెంగళూరు మీద మబ్బు. పడగ్గది కిటికీకి మించిన లైట్ ఎక్కడా దొరకదు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశాను. అక్కడి చిలకపచ్చ గోడకు బూడిద రంగు దుప్పటి కట్టాను. కిటికీకి మూడడుగుల దూరంలో, కాస్త పక్కకు తిప్పి నాయనను స్టూలు మీద కూర్చోబెట్టాను. కిటికీ వెలుగు తిరిగి ముఖం మీద పడేలా అవతలి పక్క తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టాను. మొదట దాన్ని బాగా దగ్గరగా పెడితే ముఖం చదునైపోయింది. నల్లటి ముఖంలో ఎముక, కండ తెలిసేది మెరుపు వల్లే. ఆ మెరుపు ఒక పక్క నుంచే రావాలి. షీటును నాలుగడుగులు వెనక్కి జరిపితే చెంప ఎముక మీద సన్నటి వెలుగు గీత నిలిచింది, రెండు కళ్లలోనూ కిటికీ కనబడింది.

బట్టల దగ్గర పేచీ వచ్చింది. అమ్మకు తెల్ల చొక్కా, ధర్మవరం ఎర్రంచు కండువా కావాలి. తెల్ల చొక్కాతో తీస్తే ముఖం నల్లటి మచ్చలా వచ్చింది. ఫోటోలో తెలుపు ఎక్కువైతే కెమెరా దాన్ని నడిమి బూడిద రంగుకు దించాలని చూస్తుంది, దాంతో ముఖం కూడా దిగిపోతుంది. గంధం రంగు చొక్కా తొడిగించి, ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో చెంప మీద కొలిచి, అది చూపినదానికంటే ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించాను. ఎందుకంటే నలుపునూ అది అదే నడిమి బూడిదకు లేపుతుంది. కండువా ఎరుపు గడ్డం కిందికి ఎక్కుతోందని భుజం చివరికి జరిపాను. తెల్ల కాగితం పట్టించి వైట్ బ్యాలెన్స్ సరిచూసి, ఆరేడు తీశాను.

ప్రింట్ దగ్గర ఇంకో దెబ్బ. నా ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ ఎప్పుడూ ఫుల్‌లో ఉంటుంది, దాన్ని నమ్మి పంపితే 4×6 నమూనా చీకటిగా వచ్చింది. బ్రైట్‌నెస్ సగానికి దించి మళ్లీ సరిచేసి, ఇంకో రెండు నమూనాలు తీయించాకే పెద్దది ఇచ్చాను. ల్యాబ్‌లో కుర్రాడు స్క్రీన్ చూసి, "ముఖం కొంచెం తెల్లగా చేయమంటారా అక్కా? డబ్బులేం అక్కర్లేదు" అన్నాడు. వద్దన్నాను. పక్కనే నిలబడి ప్రింట్ చేయించుకున్నాను.

ఊళ్లో గోడకు తగిలించాక నాయన దూరం నుంచే చూసి, "బానే ఉంది" అని బయటికి వెళ్లాడు. అమ్మ మాత్రం దగ్గరికొచ్చి కళ్లజోడు సర్దుకుంది. అద్దం మీద, నుదుటి దగ్గర వేలు పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా లాగింది.

"తలగుడ్డ గీత కూడా పడిందే!"